డ్రైవరు సీటు మీద బొంత

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ముందే చెబుతున్నాను. ఊళ్ళోకి వెళ్ళి "నేను సర్వేయరుని" అని చెప్పుకోగానే ఎవరో ఒకరు మిమ్మల్ని గొలుసేదని అడుగుతారు. భూములు కొలిచే సర్వేయరు ఒక్కడే మన పల్లెలకి తెలుసు. ఒకసారి ఒక ముసలాయన నేను గట్టు తగాదా తీర్చడానికి వచ్చాననుకుని, చల్లటి మజ్జిగ ఇచ్చి, ఎండ తగలకుండా గొడుగు పట్టి, చేను చివరిదాకా నడిపించుకెళ్ళాడు. అక్కడికి వెళ్ళాక, ప్రమాదంలో దెబ్బతిన్న కారు చూడడానికి నేను వచ్చానని, ఆ కారు పక్కింటివాళ్ళదని ఆయనకి తెలిసింది.

"మరయితే ఆ మజ్జిగెందుకు తాగేవు బాబూ?" అన్నాడు.

గొడుగు లేకుండానే ఎండలో వెనక్కి నడిచి వచ్చాను.

మన పని ఇంతే. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు కంపెనీ కబురు పెడితే వెళతాం. బండిని చూస్తాం. ఏది ఎలా విరిగిందో, విరిగిన తీరుకీ చెప్పిన కథకీ పొత్తు కుదురుతోందో లేదో రాసిస్తాం. కంపెనీవాళ్ళు మనల్ని బండివాడి మనిషంటారు. బండివాడు కంపెనీ మనిషంటాడు. ఒకే రోజు ఇద్దరిచేతా తిట్లు తిన్నారంటే ఆ రోజు పని సరిగ్గా చేసినట్టే అనుకుని ఇంటికి పోయి అన్నం తినండి.

కోళ్ళగూటికి కట్టిన బంపరు

సర్వే అయ్యేదాకా బండికి మరమ్మతు చెయ్యకూడదని అందరికీ చెబుతాం. అందరూ ఊఁ అంటారు. సబ్బవరంలో సిమెంటు ఇటుకలు అమ్మే ఒకాయన కారుని లారీ గుద్దింది. నేను వెళ్ళేసరికి కారు పెళ్ళికొడుకులా ఉంది. సొట్టలు తీయించాడు, రంగు వేయించాడు, కడిగి గంధం బొట్లు పెట్టాడు.

"దెబ్బ ఎక్కడండీ?" అన్నాను.

"ఇంకెక్కడిది బాబూ, బాగు సేయించీసేను కదా. ఆఫీసరుగారు వత్తన్నారంటే ఇరిగిపోయిన బండి ఎదరెట్టడానికి మొకమెలా సెల్లుతాది?"

దీన్ని మోసమనుకునేరు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చుకునే అలవాటు అది. ఆ రోజంతా మెకానిక్ షెడ్డులోనూ, ఆయన పెరట్లోనూ తిరిగి పాత భాగాలు ఏరుకున్నాను. పగిలిన బంపరు కోళ్ళగూటికి తలుపై ఉంది. లోపల పెట్ట గుడ్లు పొదుగుతోంది. నేను టేపు పెట్టి కొలుస్తుంటే వేలు పొడిచింది. దొరికిన భాగాలకి నష్టం రాయగలిగాను. సుత్తితో మాయం చేసిన సొట్టలకి రాయలేకపోయాను. ఆయన నా మీద కోపం తెచ్చుకోకపోగా వేలికి పసుపు రాసి పంపించాడు.

ఇంకో సంగతి. మనవాళ్ళు ప్రమాదం జరిగిన బండికి దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. కాయలో కుంకుమ పోసి కొడితే బానెట్టంతా ఎర్రగా అవుతుంది. అలాంటి ఫోటోలు పంపితే, పట్నంలో కంపెనీ ఆఫీసరొకాయన కంగారుపడి ఫోను చేశాడు. "ఇంత రక్తమేమిటి? ఎవరూ గాయపడలేదని రాశారేం?" అన్నాడు. గుమ్మడికాయ సార్ అన్నాను. ఆ ముక్క రిపోర్టులో రాసిమ్మన్నాడు. రాశాను. మంచివాడే గానీ, ఆయన కారుకి ఎవరూ ఎప్పుడూ దిష్టి తీసి ఉండరు పాపం.

మా గురువుగారి మాట

నేను పని నేర్చుకున్నది విశాఖపట్నంలో ఒక పెద్దాయన దగ్గర. మహా కోపిష్టి. నా రిపోర్టులు నా మీదకే విసిరేవాడు. కానీ విరిగిన బండి దగ్గరికి వెళ్ళగానే, జ్వరం చూసినట్టు బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసేవాడు. తరవాత బండి తాలూకు మనుషులు మంచినీళ్ళు తాగారో లేదో కనుక్కునేవాడు. ఆ తరవాతే టేపు తీసేవాడు.

ఆయన చెప్పిన మాట ఒక్కటి మీకు అప్పగిస్తాను. "బండి ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెబితే, వెంటనే వాణ్ణి దొంగని చెయ్యకు. వాడు చెప్పేది దురాశ వల్లో, భయం వల్లో ముందు తేల్చుకో. దురాశైతే రిపోర్టు రాసెయ్. భయమైతే కాస్త టైమివ్వు."

ఇప్పుడు మీ సర్వేలు సగం ఫోన్లోనే అయిపోతున్నాయి. వాళ్ళు వీడియో తీసి పంపుతారు, మీరు కుర్చీలోంచి లేవకుండా చూస్తారు. తప్పనను. కానీ ఫోన్లో టైమివ్వడం ఎలాగో నాకు తెలియదు. ఆ మాట విలువ నాకు పూర్తిగా అర్థమైంది రావికమతం అవతల ఒక ఊళ్ళో. నేను పని మానేసే ముందు చూసిన కేసు అది.

పొడుగాటి మనిషి, పొట్టి సీటు

చెరకు నరుకుళ్ళు జోరుగా ఉన్న రోజులు. అప్పలనాయుడు అనే చెరకు రైతు కారు, చీకటి పడే వేళ, ఎర్ర లైటు లేని ట్రాక్టరు ట్రక్కుని వెనక నుంచి గుద్దింది. ట్రక్కు నిండా చెరకు. కారులోవాళ్ళు ఉప్మాక గుళ్ళో వెంకన్నని చూసి తిరిగి వస్తున్నారు. తానే నడిపానని, పక్క సీట్లో ఉన్న భార్య సన్యాసమ్మకి కాలు విరిగిందని నాయుడు ఫోన్లో చెప్పాడు.

ఆయన ఎంత పొడుగంటే, నన్ను లోపలికి పిలవడానికి తన గుమ్మంలోనే తల వంచాడు. సన్యాసమ్మ వసారాలో మంచం మీద కాలికి సిమెంటు కట్టుతో పడుకుని ఉంది. తలుపు చాటున నుదుటికి ప్లాస్టరు వేసుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. చూస్తే నా భుజానికి వస్తుందేమో. కోడలు గౌరి అన్నారు. కొడుకు ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీకి వెళ్ళాడట.

కారు పశువుల శాల పక్కనుంది. బానెట్ ముందంచు లోపలికి నొక్కుకుపోయింది. గుమ్మడికాయ కొట్టేశారు, నిమ్మకాయలు కట్టేశారు. డ్రైవరు వైపు తలుపు తీసి చూశాను. సీటు స్టీరింగుకి ఆనేంత ముందుకి జరిపి ఉంది. సీటు మీద పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి, నాలుగు మడతలేసి, దారంతో కట్టి ఉంది. దానిమీద నాయుడు కూర్చుంటే తల పైకప్పుకి, మోకాళ్ళు గెడ్డానికి తగులుతాయి.

"నాయుడుగారూ, ప్రమాదమయ్యాక ఈ సీటెవరైనా కదిపారా?"

"నేదు బాబూ! సర్వేయరొచ్చీదాకా ఏదీ కదపొద్దని ఫోన్లో సెప్పేరు కదా. పిల్లిని కూడా ఎక్కనివ్వనేదు." ఆ మాట ఎంతో గర్వంగా చెప్పాడు.

లైసెన్సు అడిగాను. రేకు పెట్టెలోంచి, గుడ్డలో చుట్టింది తెచ్చాడు. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ మాటే చెప్పాను.

"లైసెన్సుకి కూడా గడువుంటాదేటి? నాకొచ్చిన డ్రైవింగు పోద్దేటి మరి?" అన్నాడు ఆశ్చర్యంగా.

గౌరి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందించి మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళింది. ఇక్కడే గురువుగారు గుర్తొచ్చారు. నాయుడి ముఖంలో దురాశ ఎంత వెతికినా కనిపించలేదు. నేను నీళ్ళు మెల్లగా తాగాను. దెబ్బ తగిలినామెతో మాట్లాడాలి కదా అని మంచం దగ్గర కూర్చున్నాను.

"కారులో బొంత మీరే కుట్టారా అమ్మా? కుట్టు చాలా బాగుంది."

"నానే కుట్టేను బాబూ. పొట్టిపిల్ల కదా, దానికి రోడ్డు అవుపడదు..." అని ఆగిపోయింది. భర్త వైపు చూసింది.

"ఊరుకోవే," అన్నాడు నాయుడు.

"ఊరుకోను. నా కాలిరిగింది గానీ నోరిరగనేదు." ఆమె మోచేతుల మీద లేచి కూర్చుంది. "మా గౌరమ్మే నడిపింది బాబూ, కారులోన మేమిద్దరమే. లైసెన్సు కూడా ఉంది దానికి. నానే పట్టుబట్టి నేర్పించేను. నా రెండో కానుపుకి నొప్పులొచ్చినప్పుడు వాకిట్లో ట్రాక్టరుంది, నడిపీ మగాడు ఊళ్ళో నేడు. ఆ బిడ్డ దక్కనేదు. నా ఇంటికొచ్చిన ఆడపిల్లకి బండి నడపడం వచ్చి తీరాలని ఆ రోజే అనుకున్నాను."

నాయుడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "ఆడకూతురు నడిపిందంటే ఇన్సూరెన్సు రాదనీసేరు బాబూ సంతలోన. అదీగాక ఊరు నవ్వుతాది. దాని పుట్టింటోళ్ళ ఎదర దానికి మాటొత్తాది. మాటేదో నా మీదే పడనీ అని..."

చూశారా. కోడలి మీద మాట పడకుండా ఈ పెద్దమనిషి తలకెత్తుకున్న అబద్ధం ఇది. గౌరి లైసెన్సు తెప్పించి చూశాను, దానికి గడువు ఇంకా ఉంది. చెప్పవలసింది చెప్పాను. ఆమె లైసెన్సు చెల్లుతుంది, ఆమె నడిపితే ఏ అడ్డూ లేదు. గడువు తీరిన లైసెన్సుతో ఆయన నడిపాడని రాసిస్తేనే అడ్డు.

"అంటే నానే ముంచీసేనేటి బాబూ?"

"ఇంకా మునగలేదు. ఫారం మీద మీరు సంతకం పెట్టలేదు కదా. జరిగింది జరిగినట్టు రాయండి. ఫోన్లో తప్పు చెప్పామని కూడా రాయండి. నేను చూసింది నేను రాస్తాను."

కొత్తవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన పల్లెల్లో నిజం చెప్తే నష్టమనీ, కొంచెం సర్ది చెప్తే లాభమనీ ఒక నమ్మకం ఉంది. సలహా ఇచ్చేవాళ్ళు సంతలో కూరగాయల కంటే ఎక్కువ. చాలాసార్లు నిజమే వాళ్ళని కాపాడేది. ఆ సంగతి వాళ్ళకి చెప్పే మనిషే ఉండడు.

దూలం ఎత్తు, సొట్ట ఎత్తు

అంతటితో నా పని అయిపోయినట్టే. లేవబోతుంటే గౌరి మొదటిసారి మాట్లాడింది.

"నాను నడిపేనని రాసుకోండి బాబూ. బ్రేకనుకుని ఏక్సిలేటరు తొక్కీసేనని కూడా రాయండి. అత్త కాలు నానే ఇరగ్గొట్టేను."

"తొక్కినట్టు గుర్తుందా అమ్మా?"

"గుర్తు నేదు. ట్రక్కు ఎదర కనపడినకాడికే గుర్తు. అందరూ అదే అన్నారు. ఆడోళ్ళు అలగే తొక్కీత్తారంట."

నాయుడు ముఖం తిప్పుకున్నాడు. ఆ అన్నవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడని అర్థమైంది. సన్యాసమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తాళం మావకిచ్చీసింది బాబూ. కారు వంక సూడదు. ఇంకెప్పుడూ ముట్టుకోనంటాది. నాను పక్కనే ఉన్నాను, నా మాట నమ్మదు. అత్త కదా, ఓదార్చడానికి అంటందనుకుంటాది. నా కాలు అతుక్కుంటాది. దీని మనసు అతక్కపోతే ఏటి సెయ్యాలి?"

ఏ పెడలు తొక్కారన్న ప్రశ్న మన ఫారంలో ఉండదు. కంపెనీకి దానితో పని లేదు. నాకు ఆ రోజు సబ్బవరంలో ఇంకో బండి చూడాల్సి ఉంది. ఫోను చేసి రేపొస్తానని చెప్పేశాను.

"ఆ ట్రక్కు ఎక్కడుంది?" అన్నాను.

పక్క వీధిలోనే ఉంది. ట్రాక్టరాయన వరసకి నాయుడికి బావ. లైటు పెట్టనందుకు తలెత్తి చూడలేకపోతున్నాడు. ట్రక్కు ఖాళీగా ఉంటే ఎత్తు తేలదు, బరువుకి కిందకి దిగుతుంది కాబట్టి ఆ రోజు ఎంత చెరకుందో అంతా మళ్ళీ ఎక్కేదాకా ఆగుదామన్నాను. చెరకు ఆకుల అంచులు చేతులకి గీరుకుంటున్నా ఆయన కిమ్మనకుండా మోపులు ఎత్తించాడు. ట్రక్కుని కారు దగ్గరికే తోలించాను. టేపు తీసి గౌరి చేతికిచ్చాను.

"నువ్వే కొలువమ్మా. నేను చెబితే నువ్వు నమ్మవు."

ట్రక్కు వెనక ఇనప దూలం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచింది. కారు దగ్గరికి రాలేక కాసేపు నిలబడిపోయింది. మెల్లగా వచ్చి, బానెట్ మీద దూలం అచ్చు పడిన చోట టేపు పెట్టింది. ముందు చక్రాలకీ స్ప్రింగులకీ దెబ్బ లేదు కాబట్టి కారు ఎప్పుడూ నిలబడే ఎత్తులోనే ఉంది.

"ఏది ఎత్తు?"

"కారు మీద సొట్టే ఎత్తు. బెత్తెడు తేడా ఉంది."

"మామూలుగా వెళ్ళి గుద్దితే ఆ దూలం నీ కారుకి ఎక్కడ తగలాలి?"

చూసింది. "బంపరుకి."

"బానెట్‌కి తగిలింది. అంటే గుద్దే క్షణానికి నీ కారు ముక్కు ఆ బెత్తెడూ కిందకి వంగి ఉంది. డ్రైవరువి కదా, నువ్వే చెప్పు. కారు ముక్కు ఎప్పుడు వంగుతుంది?"

ఆ అచ్చు మీద చెయ్యి ఆనించింది. "బ్రేకేత్తే," అంది, వినపడీ వినపడనట్టు.

"ఏక్సిలేటరు తొక్కితే?"

"ముక్కు పైకి లెగుత్తాది."

"మరి నువ్వేం తొక్కావు?"

ఆ అమ్మాయి కారు పక్కన మట్టిలో కూలబడిపోయింది. చక్రానికి తల ఆనించి ఏడ్చింది. ప్రమాదమయ్యాక ఏడవడం అదే మొదలని తరవాత సన్యాసమ్మ చెప్పింది. బాగా గట్టిగా తొక్కావమ్మా, లేకపోతే మీ అత్తకి కాలితో పోయేది కాదు అన్నాను. ఓదార్పుకి అనలేదు. ఆ సొట్ట చూసిన ఏ సర్వేయరైనా అదే అంటాడు.

నాయుడు గొంతు సవరించుకున్నాడు. ఇంటి వైపు తిరిగి, పొలంలో కేకేసినట్టు అరిచాడు. "ఒసే! బ్రేకే తొక్కిందంట!"

వసారాలోంచి సమాధానం వచ్చింది. "నాకు తెల్దేటి!"

వెనక సీట్లో

కారు బాగుకి కంపెనీ ఒప్పుదల వచ్చింది. ఆ తరవాత నేను నా సర్వేయరు లైసెన్సు తిరిగి రాయించుకోలేదు. టేపు మా మనవరాలు తాడాటకి తీసుకుపోయింది.

చెరకు సీజను ఇంకా పూర్తవలేదు. అనకాపల్లిలో ఒక ఎముకల డాక్టరు ఆసుపత్రి ముందు ఆటో కోసం నిలబడ్డాను. ఎవరో హారన్ కొట్టారు. చూస్తే ఆ కారే. డ్రైవరు సీట్లో, స్టీరింగు వెనక తలొక్కటే కనిపిస్తూ గౌరి. ముందు సీట్లో కట్టు విప్పించుకున్న సన్యాసమ్మ. వెనక సీట్లో మోకాళ్ళు గెడ్డానికి తగిలించుకుని నాయుడు, ఆయన ఒళ్ళో భార్య చేతికర్ర.

"ఎక్కండి బాబూ, ఇంటికాడ దింపేత్తాం," అంది సన్యాసమ్మ.

నాయుడు పక్కన సర్దుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టింది నాకు. నా ఉద్యోగమంతా నేను కూర్చున్నవి కదలని కార్లు. నేను చూసిన బండి బాగై, మళ్ళీ మనుషుల్ని మోస్తుంటే అందులో ఎక్కి కూర్చోవడం ఇదే మొదలు.

రైల్వే గేటు దాటాక ముందర చెరకు ట్రక్కు ఒకటి వచ్చింది. దానికీ ఎర్ర లైటు లేదు. నాయుడు నా మణికట్టు పట్టుకున్నాడు, గోళ్ళు దిగాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో నా మణికట్టుకి తెలుసు. గౌరి బ్రేకు మీద కాలు వేసింది. కారు ముక్కు కొంచెం, మెత్తగా వంగింది. ట్రక్కుకి చాలా దూరంలోనే నెమ్మదించి, దాని వెనకాలే ఓపిగ్గా నడిచింది.

నేను సన్యాసమ్మ భయపడిందేమోనని ముందుకి వంగి చూశాను. ఆమె తల అద్దానికి ఆనించుకుని హాయిగా నిద్రపోతోంది.